వడుగు విందులో రొయ్యల ఇగురు

“వడుగు ఇంట్లో రొయ్యల ఇగురేంటండీ?”

ఉదయం ఆరున్నరకి ఫోన్ ఎత్తగానే వినపడ్డ మొదటి మాట ఇది. చేసింది మా కస్టమర్ దగ్గర పనిచేసే పెద్ద వంట మేస్త్రి. మామూలుగా ఆయన మేనేజరుకి చెప్తారు, మేనేజరు మాకు టికెట్, అంటే ఫిర్యాదు, పెడతారు, అది రెండ్రోజులకి నా దాకా వస్తుంది. ఆ రోజు మేనేజరు ఫోన్ ఎత్తకపోయేసరికి, సరుకుల చీటీ అడుగున అచ్చయి ఉండే సపోర్ట్ నంబరుకి నేరుగా కొట్టేశారు. ఆ వారం సపోర్ట్ డ్యూటీ నాది.

వీళ్ళు విజయవాడ చుట్టుపక్కల పెళ్ళిళ్ళకీ, గృహప్రవేశాలకీ, వడుగులకీ వంటలు చేసి వడ్డిస్తారు. ఆర్డరు తీసుకోవడం, విస్తరికి ఇంత అని లెక్కకట్టి బిల్లు వేయడం, వంటశాలకి సరుకుల చీటీ పంపడం, అంతా మేం రాసిచ్చిన సాఫ్ట్‌వేర్‌తోనే నడుస్తుంది. వెనకాల ఉన్నది పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష. నలుగురం కూర్చుని రాసిన చిన్న సిస్టమ్. రెండేళ్ళుగా పెద్ద గొడవ లేకుండా నడుస్తోంది కాబట్టి దాని గురించి ఎవరం ఆలోచించడం కూడా మానేశాం.

ఆ రోజు వడుగు 150 మందికి. చీటీలో పులిహోర, బొబ్బట్లు, పప్పు, గుత్తివంకాయ, దప్పళం, అప్పడం, పెరుగు అన్నీ ఉన్నాయి. ఆఖర్న రొయ్యల ఇగురు. పక్కనే రొయ్యలు 18 కిలోలు అని లెక్క కూడా కట్టి పెట్టింది మా సాఫ్ట్‌వేర్. మేస్త్రి ముప్ఫై ఏళ్ళ అనుభవం అడ్డుపడబట్టి సరిపోయింది. చీటీ చూసి సరుకు దించేసే మనిషి అయితే ఆ ఇంట్లో ఏం జరిగేదో ఇప్పటికీ ఊహించుకోవాలనిపించదు.

వెతుకులాట

ముందు అనుమానం ఆర్డరు రాసుకున్న అమ్మాయి మీదకి పోయింది. పొరపాటున టిక్ పెట్టి ఉంటుందని నేనూ మేనేజరూ ఫోన్‌లోనే తీర్మానించేసుకున్నాం. గంట తర్వాత ఆయనే మళ్ళీ చేశారు: “లేదు సార్, ఆ ఇంటివాళ్ళు ఆ అమ్మాయికి బాగా తెలిసినవాళ్ళు. తను అలా పెట్టదు.” సర్వర్‌కి వచ్చిన రిక్వెస్ట్‌ని లాగ్‌లోంచి, అంటే సర్వర్ రాసుకునే చిట్టాలోంచి, తీసి చూశాను. అదనపు వంటకాలు అన్న చోట ఖాళీ. ఆ అమ్మాయికి మనసులోనే క్షమాపణ చెప్పుకుని డేటాబేస్ తెరిచాను. ఆర్డర్ల టేబుల్‌లో, ఈ వడుగు ఆర్డరు కింద, రొయ్యల ఇగురు ఉంది. ప్యాకేజీల టేబుల్‌లో ఆ ప్యాకేజీ కింద లేదు. ఆర్డరిచ్చినవాళ్ళు అడగలేదు, అసలు మెనూలో లేదు, మధ్యదారిలో ఎక్కడో వచ్చి చేరింది.

మా టీమ్‌లో చేరి ఏడాది కూడా కాని ఒక కుర్రాడున్నాడు. అతను తన లాప్‌టాప్‌లో అదే ఆర్డరు పదిసార్లు వేసి చూశాడు. “అన్నా, నాకు రావట్లేదు. ప్రతిసారీ కరెక్టుగానే వస్తోంది.” వస్తుంది మరి. డెవలప్‌మెంట్ సర్వర్ అనేది కోడ్‌లో ఏ అక్షరం మారినా తనంతట తానే రీస్టార్ట్ అవుతుంది. అతను ఒక ప్రింట్ లైన్ పెట్టడం, ఒక ఆర్డరు వేయడం, ఇంకో ప్రింట్ లైన్ పెట్టడం, ఇంకో ఆర్డరు వేయడం. అంటే ప్రతి ఆర్డరూ కొత్తగా పుట్టిన ప్రోగ్రామ్‌లో మొదటి ఆర్డరే. ఈ బగ్ మొదటి ఆర్డరులో ఎప్పటికీ కనపడదు. ఆ సంగతి మాకు అప్పటికి తెలియదు.

ఇక ప్రొడక్షన్‌లోనే (కస్టమర్ వాడే అసలు సర్వర్ మీదే) చూద్దామని ఒక లాగ్ లైన్ చేర్చి డెప్లాయ్ చేశాం, అంటే కొత్త కోడ్ ఎక్కించి రీస్టార్ట్ చేశాం. బగ్ మాయం. డాక్టరు గుమ్మం ఎక్కగానే తగ్గిపోయే పంటి నొప్పిలాగా. మధ్యాహ్నం వరకూ అన్నీ సరైన ఆర్డర్లే. “తగ్గింది కదా సార్, వదిలేయండి” అన్నారు మేనేజరు. నాలుగింటికి మళ్ళీ మొదలైంది, ఈసారి ఇంకో ప్యాకేజీలో, ఎవరూ అడగని మడత కాజా. అదీ నిలకడగా కాదు. ఒకే ఆర్డరుని రెండుసార్లు వేస్తే ఒకసారి కాజా ఉంటుంది, ఒకసారి ఉండదు.

ఈ “ఒకసారి ఉంటుంది, ఒకసారి ఉండదు” అనేదే మమ్మల్ని సగం రోజు తప్పుదారి పట్టించింది. బ్రౌజర్ క్యాష్ అనుకున్నాం, ఫారంలో పాత విలువలు మిగిలిపోతున్నాయి అనుకున్నాం, రెండు రిక్వెస్టులు ఒకేసారి వచ్చి గుద్దుకుంటున్నాయి అనుకున్నాం. చివరికి పనికొచ్చింది చాలా మామూలు ఆలోచన: ప్రతి లాగ్ లైన్‌లోనూ ప్రాసెస్ నంబరు కూడా రాయించడం. మా సర్వర్, ఒకే పైథాన్ ప్రోగ్రామ్‌ని కొన్ని నకళ్ళుగా నడిపే గునికార్న్ కింద, 4 వర్కర్లతో నడుస్తుంది. నాలుగూ వేరువేరు ప్రాసెస్‌లు, దేని మెమరీ దానిదే. తప్పు ఆర్డర్లన్నీ ఒకే ప్రాసెస్ నంబరు దగ్గర పోగుపడి కనిపించాయి. మిగతా మూడూ శుభ్రంగా ఉన్నాయి. సాయంత్రానికి రెండోది కూడా పాడైంది.

అప్పుడు అర్థమైంది, చెడిపోతున్నది ఆర్డరు కాదు, వర్కర్. ఏదో ఒక ఆర్డరు ఆ వర్కర్ మెమరీలో మరక వదిలి వెళ్తోంది. ఆ మరక తర్వాత వచ్చే ప్రతి ఆర్డరుకీ అంటుకుంటోంది. రీస్టార్ట్ చేస్తే కడుక్కుపోతోంది. మా వర్కర్లు ప్రతి రాత్రీ ఒంటిగంటకి ఎలాగూ రీస్టార్ట్ అవుతాయి. కాబట్టి రోజుకి ఆర్డర్లు నాలుగో ఐదో వచ్చే రోజుల్లో ఈ జబ్బు ఉన్నా బయటపడలేదు. మాఘ మాసం ముహూర్తాలు మొదలై, రోజుకి పాతిక ముప్ఫై ఆర్డర్లు పడేసరికి బయటపడింది.

బిల్లు మాత్రం సరిగ్గానే ఉంది

దొరికించిన ఆధారం ఇంకొకటుంది. దాన్ని పట్టుకున్నది ఆ కుర్రాడే. “అన్నా, వంటకం ఎక్కువ వచ్చింది సరే, బిల్లు ఎందుకు ఎక్కువ రాలేదు?”

నిజమే. రొయ్యల ఇగురు అదనంగా పెట్టించుకుంటే విస్తరికి 90 రూపాయలు కలుస్తుంది. వడుగు ఆర్డరులో వంటకం చేరింది, 90 చేరలేదు. రెండూ ఒకే ఫంక్షన్‌లో, పక్కపక్క లైన్లలో చేరతాయి. ఒకటి అంటుకుని ఒకటి అంటుకోలేదంటే ఆ రెండు లైన్లలోనే ఏదో ఉండాలి. ఫంక్షన్ తెరిచి చూశాం. పైథాన్‌లో వేరియబుల్ పేర్లు తెలుగులో పెట్టినా నడుస్తాయి కాబట్టి ఇక్కడ అలాగే రాస్తున్నాను (మా అసలు కోడ్ అలా లేదు, ఉండుంటే బాగుండేది):

ధర = ప్యాకేజీ["ధర"]
కూరలు = ప్యాకేజీ["కూరలు"]
ధర += అదనపు_ధర
కూరలు += అదనపు_కూరలు

నాలుగు లైన్లు. చూడ్డానికి ఏ తప్పూ లేదు. గిట్‌లో (కోడ్ పాత రూపాలన్నీ దాచే చోటు) పాతవి తీస్తే, మూడు వారాల క్రితం వరకూ చివరి రెండు లైన్లు ఇలా ఉన్నాయి:

ధర = ధర + అదనపు_ధర
కూరలు = కూరలు + అదనపు_కూరలు

కోడ్ శుభ్రం చేసే పని ఒకటి ఆ కుర్రాడికి ఇచ్చాం. పొడుగ్గా ఉన్నవాటిని కుదించాడు. రివ్యూ చేసి ఆమోదించింది నేను. ఆ మార్పు మీద నేను రాసిన వ్యాఖ్య ఇంకా అక్కడే ఉంది: “బాగుంది”.

ఈ రెండు రాతలూ ఒకటేనని చాలామంది అనుకుంటారు. స్కూల్లో సీ నేర్చుకున్నవాళ్ళకి అలాగే చెప్తారు. అంకెల విషయంలో తేడా ఏమీ తెలియదు. లిస్టు విషయంలో పైథాన్‌లో ఇవి రెండూ వేరు. “కూరలు = కూరలు + అదనపు_కూరలు” అంటే రెండు లిస్టులూ కలిపి కొత్త లిస్టు ఒకటి తయారవుతుంది, కూరలు అన్న పేరు దానికి మారుతుంది, పాత లిస్టు జోలికి ఎవరూ వెళ్ళరు. “కూరలు += అదనపు_కూరలు” అంటే ఉన్న లిస్టుకే కొస తగిలించడం. ఆ ఉన్న లిస్టు ఎవరిది? ప్యాకేజీది. సర్వర్ మొదలైనప్పుడు డేటాబేస్ నుంచి ఒకసారి చదివి మెమరీలో పెట్టుకున్న మూల ప్యాకేజీది. ఎవరో రిసెప్షన్‌కి రొయ్యల ఇగురు అదనంగా పెట్టించుకున్నారు. ఆ క్షణం నుంచి, ఆ వర్కర్ దృష్టిలో, ఆ ప్యాకేజీ అంటేనే రొయ్యల ఇగురు ఉన్న ప్యాకేజీ.

ధరకి ఏమీ కాకపోవడానికి కారణం, అంకెని పైథాన్‌లో ఎవరూ లోపలినుంచి మార్చలేరు. 450కి 90 కలిపితే 540 అనే ఇంకో అంకె వస్తుంది, 450 అలాగే ఉంటుంది. ధర అన్న పేరు కొత్త అంకెకి మారుతుంది, అంతే. ఒకే గుర్తు, పక్కపక్కనే, ఒకచోట పేరుని మార్చింది, ఇంకోచోట వస్తువుని మార్చింది.

నిర్ధారించుకోడానికి వరసగా రెండు ఆర్డర్లు వేసి, రెండింట్లోనూ కూరలు లిస్టు ఐడీని అచ్చు వేయించాం. అదే అంకె. సీపైథాన్‌లో (మామూలుగా వాడే పైథాన్ ఇదే) ఈ ఐడీ అంటే మెమరీ చిరునామాయే. ఇక్కడ ఒక జాగ్రత్త: మొదటి వస్తువు చచ్చిపోయి ఉంటే దాని చిరునామాలోనే రెండోది పుట్టొచ్చు, అప్పుడు రెండూ వేరైనా ఐడీ ఒకటే కనిపిస్తుంది. అందుకని రెండు లిస్టుల్నీ బతికించి ఉంచే పోల్చాం. అవి రెండు కాదు, ఒక్కటే.

పాసు పుస్తకం జిరాక్స్

ఆ సాయంత్రం టీ దగ్గర కుర్రాడు అడిగాడు: “అంటే పైథాన్‌లో ఆబ్జెక్టులు పాస్ బై రిఫరెన్స్ అన్నమాటే కదా అన్నా?”

ఈ ప్రశ్నకి అవును అన్నా తప్పే, కాదు అన్నా తప్పే. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల నుంచి పెద్ద కంపెనీల ఇంటర్వ్యూల వరకూ ఈ ప్రశ్న తిరుగుతూనే ఉంటుంది. జావాలో ఆబ్జెక్టులు బై రిఫరెన్స్, అంకెలు బై వాల్యూ అని బట్టీ కొట్టి వచ్చినవాళ్ళని నేనే కొన్ని వందల మందిని చూసుంటాను. నేను కూడా అలా బట్టీ కొట్టి ఉద్యోగం తెచ్చుకున్నవాణ్ణే.

అతను రైతు కుటుంబం నుంచి వచ్చాడు కాబట్టి పొలం లెక్కలో చెప్పాను. ప్యాకేజీ అనేది పొలం. కూరలు అన్న వేరియబుల్ పొలం కాదు, దాని సర్వే నంబరు ఉన్న పాసు పుస్తకం. ఫంక్షన్‌కి పంపేటప్పుడు పొలాన్ని ఎవరూ మోసుకుపోరు. పాసు పుస్తకం కూడా ఇవ్వరు. జిరాక్స్ తీసి ఇస్తారు. ఆ జిరాక్స్ మీద నువ్వు సర్వే నంబరు కొట్టేసి ఇంకో నంబరు రాసుకో, నా బీరువాలో ఉన్న అసలు పుస్తకానికి ఏమీ కాదు. అదే “కూరలు = ” అని కొత్తగా పెట్టడం. కానీ జిరాక్స్ పట్టుకుని ఆ సర్వే నంబరు దగ్గరికి వెళ్ళి బోరు వేశావనుకో, బోరు నా పొలంలోనే పడుతుంది. అదే “కూరలు += ”. పంపింది నకలే, అంటే బై వాల్యూ. నకలులో ఉన్నది చిరునామా, అందుకని దాని వెంట పోతే చేరేది అసలు వస్తువు దగ్గరికే.

నిజమైన పాస్ బై రిఫరెన్స్ అంటే అసలు పాసు పుస్తకాన్నే చేతికివ్వడం. అలా ఇస్తే దాన్లో సర్వే నంబరే మార్చేయొచ్చు, ఇచ్చినవాడు తెల్లారి లేచేసరికి అతని పొలం ఇంకెక్కడో ఉంటుంది. సీ ప్లస్ ప్లస్‌లో ఆంపర్‌శాండ్ పెట్టి తీసుకునే పారామీటర్, సీ షార్ప్‌లో రెఫ్ అన్న మాట పెట్టి పంపేది ఇలాంటివి. దీనికి ఒక తేలికైన పరీక్ష ఉంది. రెండు వేరియబుల్స్ తీసుకుని, పిలిచినవాడి దగ్గర అవి తారుమారయ్యేలా చేసే ఫంక్షన్ ఒకటి రాయగలరా? సీ ప్లస్ ప్లస్‌లో రాయొచ్చు. జావాలో, పైథాన్‌లో రాయలేరు. రాయలేరంటే అక్కడ పాస్ బై రిఫరెన్స్ లేదన్నట్టే.

జిరాక్స్ ఇచ్చే ఈ పద్ధతికి 1970లలోనే పేరు పెట్టారు. అమెరికాలోని ఎమ్ఐటీ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ శాస్త్రవేత్త బార్బరా లిస్కోవ్, ఆమె బృందం సీఎల్‌యూ అనే భాష తయారుచేస్తూ దీన్ని కాల్ బై షేరింగ్ అన్నారు. పంచుకోవడం అన్నమాట. అంతకంటే సరిగ్గా అతికే పేరు నాకు ఇంకోటి తెలియదు. అయినా ఆ పేరు జనంలోకి రాలేదు. పైథాన్ వాళ్ళ సొంత ప్రశ్నోత్తరాల పేజీలో ఆర్గ్యుమెంట్లు అసైన్‌మెంట్ ద్వారా వెళ్తాయని రాసుకున్నారు, జావా వాళ్ళు మాది బై వాల్యూయే అంటారు. ముగ్గురూ చెప్పేది ఒకటే సంగతి.

భాషలు ఈ విషయంలో మాట మార్చిన సందర్భాలూ ఉన్నాయి. పీహెచ్‌పీ 4లో ఆబ్జెక్టుని ఇంకో వేరియబుల్‌కి ఇస్తే మొత్తం నకలు అయ్యేది. 2004లో వచ్చిన పీహెచ్‌పీ 5 నుంచి జిరాక్స్ పద్ధతికి మారింది. విజువల్ బేసిక్ 6లో ఏమీ చెప్పకపోతే బై రిఫరెన్స్, డాట్‌నెట్‌కి వచ్చేసరికి అదే భాషలో ఏమీ చెప్పకపోతే బై వాల్యూ. పాత ఫోర్ట్రాన్ కంపైలర్లలో కొన్నిట్లో అంతా రిఫరెన్సే కావడంతో, సబ్‌రొటీన్‌కి ఒక స్థిరాంకాన్ని పంపి లోపల దానికి విలువ ఇస్తే ఆ స్థిరాంకమే మారిపోయేది. అంటే ఆ ప్రోగ్రామ్‌లో 4 అని రాసిన ప్రతిచోటా 5 అని చదువుకోవలసి వచ్చేది. మా రొయ్యల ఇగురు దాని ముందు ఎంత!

దిద్దుబాటు, దాని మీద దిద్దుబాటు

ఆ రాత్రికి ఆ ఒక్క లైన్‌ని పాత రూపానికి మార్చి డెప్లాయ్ చేశాం. రక్తం ఆగింది. కానీ ఎవరో ఒక గుర్తు కుదిస్తే కూలిపోయే కోడ్‌ని అలాగే వదిలేయలేం.

మర్నాడు కుర్రాడు భయంతో అన్నిచోట్లా కాపీలు పెట్టేశాడు. ఫంక్షన్‌లోకి రాగానే ప్యాకేజీ డిక్షనరీకి (పేరు, దాని విలువ జతగా పెట్టే పట్టికకి) కాపీ తీయడం, ఆ కాపీ మీద పనిచేయడం. వినడానికి బాగానే ఉంది. నడిపి చూస్తే రొయ్యలు మళ్ళీ వచ్చాయి. డిక్షనరీకి ఉండే కాపీ మెథడ్ పై పొర వరకే నకలు తీస్తుంది. కొత్త డిక్షనరీ వస్తుంది, దాన్లోని కూరలు మాత్రం పాత లిస్టునే చూపిస్తాయి. పాసు పుస్తకాల కట్టని మొత్తం జిరాక్స్ తీయించుకున్నా పొలాలు పెరగవు కదా.

తర్వాత లోతు కాపీ, పైథాన్‌లో డీప్‌కాపీ అంటారు. ఇది అడుగు వరకూ దిగి అన్నిటికీ నకళ్ళు తీస్తుంది. ఈసారి రొయ్యలు రాలేదు, ఎర్రర్ వచ్చింది. మా ప్యాకేజీ ఆబ్జెక్టుకి ఒక మూల డేటాబేస్ కనెక్షన్ కట్టుకుని ఉంది, ఆ కనెక్షన్ లోపల ఒక లాక్ (ఒకసారి ఒకరే వాడేలా కాపలా కాసేది) ఉంది, లాక్‌కి నకలు తీయడం కుదరదని పైథాన్ మొరాయించింది. నిజానికి మంచే జరిగింది. మెనూకి డేటాబేస్ కనెక్షన్‌తో ఏం పని అని అప్పటికిగానీ ఎవరికీ అనిపించలేదు. దాన్ని విడదీశాం.

విడదీశాక కూడా నేను డీప్‌కాపీ పెట్టనివ్వలేదు. ఇక్కడ మా ఇద్దరికీ చిన్న వాదన జరిగింది. పెడితే ఇప్పటికి సరిపోతుంది, నిజమే. కానీ ప్రతి ఆర్డరుకీ మొత్తం ప్యాకేజీకి నకలు తీయడం ఒక నష్టం. అంతకంటే పెద్దది, రేపు ఇంకెవరో ఇంకో ఫంక్షన్ రాస్తారు, కాపీ పెట్టడం మర్చిపోతారు, మళ్ళీ ఇదే. “నువ్వు మర్చిపోతావని కాదు, నేను మర్చిపోతాను” అన్నాను. మర్చిపోయినా చెడకుండా ఉండాలంటే మూలాన్నే మారనిది చేయాలి.

అందుకని ప్యాకేజీలో కూరలు లిస్టుని టపుల్ చేశాం. టపుల్‌ని లోపలినుంచి ఎవరూ మార్చలేరు. ఇప్పుడు ఎవరైనా పాత అలవాటుతో దానికి ఒక లిస్టు తగిలించబోతే అక్కడికక్కడే ఎర్రర్ వస్తుంది. మాకు కావలసింది కూడా అదే. ఉదయం ఆరున్నరకి మేస్త్రి అరిచేకన్నా, ముందురోజు మధ్యాహ్నం టెస్ట్ అరవడం మేలు. డిక్షనరీగా ఉన్న ప్యాకేజీని డేటాక్లాస్‌గా (పేరున్న విలువల్ని పట్టుకునే క్లాస్‌గా) మార్చి ఫ్రోజన్ అని పెట్టాం. ఇదొక్కటే పెట్టి చేతులు దులుపుకునేవాళ్ళున్నారు, అది చాలదు. ఫ్రోజన్ అంటే ఆ పేరుకి కొత్త విలువ పెట్టనివ్వదు, అంతవరకే. ఆ పేరు కింద ఉన్నది లిస్టు అయితే దాన్లోకి ఎవరైనా ఏమైనా తోసేయొచ్చు. తలుపుకి తాళం వేసి దొడ్డిగుమ్మం తీసి ఉంచినట్టు. లోపలున్నవి కూడా టపుల్స్ అయితేనే తాళానికి అర్థం.

ఆర్డరు మాత్రం తన సొంత లిస్టు తాను తయారుచేసుకుంటుంది. ప్యాకేజీలోంచి కూరలు తీసుకుని కొత్త లిస్టు పేర్చి, అదనపువి చేర్చి, ఆ లిస్టుని తనది చేసుకుంటుంది. ఆ ఫంక్షన్ మీద ఒక వ్యాఖ్య రాశాం: “తీసుకున్న ప్యాకేజీని ముట్టుకోదు, ఇచ్చే లిస్టు పిలిచినవాళ్ళది.” రిఫరెన్సా వాల్యూనా అన్న చర్చకన్నా ఈ ఒక్క వాక్యం మాకు ఎక్కువ పనికొచ్చింది. ఇప్పుడు రివ్యూలో నేను చూసేది కూడా ఇదే: ఈ వస్తువు ఎవరిది, దీన్ని ఇంకా ఎవరెవరు పట్టుకుని ఉన్నారు?

టెస్ట్ సంగతి చెప్పకపోతే అన్యాయం. ఆర్డరు వేయడానికి ముందూ తర్వాతా ప్యాకేజీ ఒకేలా ఉందా అని చూసే టెస్ట్ ఒకటి రాశాడు కుర్రాడు. పాత, తప్పు కోడ్ మీద నడిపాం. ఫెయిల్ కావాలి. పాస్ అయింది. మళ్ళీ నడిపాం, మళ్ళీ పాస్. టెస్ట్‌లో మొదటి లైన్ ఇది:

ముందు = ప్యాకేజీ

ఆ తర్వాత ఆర్డరు వేసి, ఆ “ముందు”ని ప్యాకేజీతో పోల్చాడు. పోల్చింది ఒకదాన్ని దానితోనే. ఫోటో తీసుకున్నాననుకుని అద్దం పెట్టుకున్నాడు. బగ్‌ని పట్టుకోడానికి రాసిన టెస్ట్‌లో అదే బగ్. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. డీప్‌కాపీ వద్దన్నానన్నానే, ఈ టెస్ట్‌లో మాత్రం పెట్టించాను. దానికి సరైన చోటు ఇదే.

పాడైన ఆర్డర్లు వెతకడానికి ఒక రోజు పట్టింది. మూడు వారాల లాగ్‌లలో అసలు రిక్వెస్ట్ తీసి, ఆర్డరులో నిల్వైన వంటకాలతో పోల్చాం. 14 ఆర్డర్లు తేలాయి. వాటిలో 9 అప్పటికే వండి వడ్డించేసినవి. మేనేజరు ఒక్కొక్కరికీ ఫోన్ చేశారు. చాలామంది గమనించలేదు. ఒకరింట్లో అడగని మడత కాజాలు విస్తళ్ళలో పడితే, క్యాటరింగ్ వాళ్ళు అభిమానంతో పెట్టారనుకున్నారట. ఆయన ఆ మాట చెప్పి, “అది దిద్దకుండా ఉంటే ఏం సార్?” అన్నారు.

ఇంకో వైపు నుంచి

ఇదంతా అయ్యాక మా టీమ్‌లో అందరికీ పంచుకోవడం అంటేనే భయం పట్టుకుంది. సరిగ్గా నెల తిరక్కుండా దానికి విరుగుడు కూడా దొరికింది. వ్యాన్లకి ఆర్డర్లు కేటాయించే చిన్న సర్వీస్ ఒకటి గో భాషలో ఉంది. గోలో అన్నీ బై వాల్యూయే, స్ట్రక్ట్ (కొన్ని విలువల్ని కలిపి కట్టిన మూట) పంపితే మొత్తం నకలే వెళ్తుంది. ఆర్డర్ల మీద లూప్ నడుపుతూ ప్రతిదానికీ వ్యాన్ నంబరు పెడుతున్నాం. లూప్ అయ్యాక చూస్తే ఒక్కదానికీ నంబరు లేదు. ఎర్రర్ కూడా లేదు. గోలో రేంజ్ లూప్ చేతికిచ్చే వేరియబుల్ అసలు ఆర్డరు కాదు, దాని నకలు. నంబర్లన్నీ నకళ్ళ మీద రాసి, ప్రతి చుట్టులోనూ ఆ నకలుని పారేశాం. స్థానం సంఖ్య పట్టుకుని అసలు దాని మీద రాస్తే సరిపోయింది. పది నిమిషాల పని. పైథాన్‌లో మార్చకూడనిది మారింది, ఇక్కడ మారవలసింది మారలేదు.

గోలో నాకు నిజంగా చిరాకు తెప్పించేది అది కాదు, స్లైస్, అంటే గోలో లిస్టు లాంటిది. స్లైస్‌ని ఫంక్షన్‌కి పంపితే నకలు వెళ్తుంది, కానీ ఆ నకలూ అసలూ అడుగున ఒకే అరేని, అంటే విలువలు వరసగా ఉండే ఒకే చోటుని, చూపిస్తాయి. దానికి అపెండ్ చేస్తే (చివర ఒకటి చేరిస్తే), అరేలో ఖాళీ ఉంటే అందులోనే రాస్తుంది, లేకపోతే కొత్త అరే తీసుకుంటుంది. అంటే పంచుకున్నారా విడిపోయారా అన్నది మిగిలిన ఖాళీ మీద ఆధారపడి ఉంటుంది. మూడు వంటకాలకి పనిచేసిన కోడ్ ఐదు వంటకాలకి ఇంకోలా పనిచేయొచ్చు. ఇలాంటి చోట భాష ఏం చేస్తుందో గుర్తుపెట్టుకోవడం కంటే నకలు తీసి తగిలించడమే ప్రాణానికి హాయి.

చివరగా ఒకటి. టపుల్స్‌గా మార్చాక మొత్తం టెస్టులు నడిపితే, మేం ముట్టుకోని చోట ఒకటి విరిగింది: రోజువారీ రిపోర్టు. వంటకాల్ని అక్షర క్రమంలో చూపించడానికి ఆ రిపోర్టు ప్యాకేజీలోని లిస్టు మీదే సార్ట్ మెథడ్ పిలుస్తోంది. అది ఉన్న లిస్టునే సర్దేస్తుంది. సర్దిన కొత్త లిస్టు కావాలంటే సార్టెడ్ అనే వేరే ఫంక్షన్ ఉంది. టపుల్‌కి సార్ట్ లేదు కాబట్టి విరిగింది. దాన్ని మార్చి ముందుకెళ్ళిపోబోతుంటే ఏదో గుర్తొచ్చి టికెట్లలో వెనక్కి వెళ్ళి వెతికాను. ఏడాదిన్నర క్రితం మేనేజరు పెట్టింది: “మెనూ కార్డులో వరస అప్పుడప్పుడూ తప్పుతోంది. పులిహోర, బొబ్బట్లతో మొదలవ్వాల్సింది అప్పడంతో మొదలవుతోంది, బొబ్బట్లు పెరుగు తర్వాత వస్తున్నాయి.” జతచేసిన ఫోటోలో వరస ఇది: అప్పడం, గుత్తివంకాయ, దప్పళం, పప్పు, పులిహోర, పెరుగు, బొబ్బట్లు. శుభ్రమైన అకారాది క్రమం. అప్పట్లో కుదరక, “మా దగ్గర రావట్లేదు” అని రాసి మూసేసింది కూడా నేనే. ఆ టికెట్‌ని మళ్ళీ తెరిచి, కారణం రాసి, మేనేజరుకి ఫోన్ చేశాను. ఆయనకి ఆ టికెట్ గుర్తే లేదు.